తెప్ప ఎవరి నెత్తిన?

దూరపు ఊరికి మకాం మార్చేటప్పుడు కారుని ట్రెయిలర్ ఎక్కించి పంపాలా, మనమే నడుపుకుంటూ వెళ్ళాలా? దీన్ని అందరూ ఖర్చుల ప్రశ్నగానే చూస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఉద్యోగం హైదరాబాదు నించి గురుగ్రామ్‌కి మారింది. రోడ్డు మీద 1,500 కిలోమీటర్ల పైనే. కారు 2017 నాటి పెట్రోలు బండి, ఇంకా బాగానే నడుస్తోంది. ఒక కాగితం మధ్యలో గీత గీసి రెండు వైపులా లెక్కలు వేశాను. నడిపితే వంద లీటర్ల పైన పెట్రోలు, టోల్ గేట్లు, దారిలో రెండు రాత్రుల లాడ్జి, తిండి. పంపితే, నాకొచ్చిన కొటేషన్లు 18 వేల నించి 26 వేల దాకా ఉన్నాయి. దానికి నా టికెట్టు కలపాలి. ఎలా కూడినా రెండు వైపులకీ పెద్ద తేడా రాలేదు.

డబ్బు తేల్చి పారేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. తేల్చలేదు కాబట్టే, దాని వెనక దాక్కున్న ప్రశ్న ముందుకొచ్చింది. దూరం ఎటూ ఉంది. దాన్ని ఎవరో ఒకరు ఒంటితో దాటాల్సిందే. ఆ ఒళ్ళు ఎవరిది?

మూడో దారి కూడా ఉంది: ఇక్కడ అమ్మేసి అక్కడ కొనుక్కోవడం. ఆఫీసులో చాలామంది ఇచ్చే సలహా అదే. కారు రాష్ట్రం దాటిందంటే కాగితాల పని మరి. ఆర్టీఏ నించి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పన్నెండు నెలలకి మించి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు వేయించుకోవాలి. అక్కడి టాక్సు అక్కడ కట్టాలి. బండి స్థానికం కావడానికి చట్టం ఏడాది గడువిచ్చింది. మనుషులకి ఎంత పడుతుందో ఎవరూ రాయలేదు.

"అమ్మేసి పో" అని ఎవరన్నా అన్నప్పుడల్లా నాకు ఏరు దాటి తెప్ప తగలేసే సామెత గుర్తొచ్చేది. మనకి ఆ సామెత ఒక తిట్టు. అవసరం తీరాక చెయ్యిచ్చేవాళ్ళని అంటాం. అయితే తెప్ప గురించే బుద్ధుడు చెప్పిన కథ ఒకటి మజ్ఝిమ నికాయంలో ఉంది. అది దీనికి ఎదురుగా నడుస్తుంది. ఒకడు గడ్డీ కొమ్మలూ కట్టి తెప్ప చేసుకుని ఏరు దాటుతాడు. ఒడ్డెక్కాక, ఇంత మేలు చేసినదాన్ని వదిలెయ్యడం ఎలా అనుకుని దాన్ని నెత్తిన పెట్టుకుని నడక సాగిస్తే, వాడు సరైన పని చేసినట్టేనా అని భిక్షువుల్ని అడుగుతాడు బుద్ధుడు. కాదంటారు వాళ్ళు. తెప్ప ఉన్నది దాటడానికి, పట్టుకు వేలాడ్డానికి కాదు. బుద్ధుడు అక్కడ చెప్పింది తన ధర్మం గురించే అయినా, మకాం మార్చే ప్రతివాడికీ ఆ కథ తగులుతుంది.

తగలెయ్యడం తప్పని మన సామెత, మొయ్యడం తెలివితక్కువని బుద్ధుడి కథ. ఈ రెండింట్లోనూ లేని మనిషి ఒకడు మన కాలంలో ఉన్నాడు. డబ్బిస్తే మన తెప్పని తన నెత్తిన పెట్టుకుని తీసుకొచ్చేవాడు.

*

కారు క్యారియర్ ట్రెయిలర్లని మేడ్చల్ రోడ్డు మీద చాలాసార్లు చూశాను. పొడవాటి రేకుల పెట్టె, లోపల రెండంతస్తులు, కార్లు ఒకదాని వెనక ఒకటి. చక్రాలని బెల్టులతో కిందకి బిగించి కడతారు. పంపేవాళ్ళు ముందు ఒక కాగితం నింపుతారు. దాని మీద కారు బొమ్మ గీసి ఉంటుంది, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. ఎక్కడ గీత ఉందో, ఎక్కడ సొట్ట ఉందో ఆ బొమ్మ మీద గుర్తులు పెడతారు. ఫోటోలు తీస్తారు. అక్కడ దింపేటప్పుడు మళ్ళీ అదే కాగితంతో సరిచూస్తారు. తేడా వస్తే ఇన్సూరెన్సు.

మంచి పద్ధతే. కానీ ఆ కాగితాన్ని కాసేపు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. బయల్దేరినప్పుడు ఎలా ఉంది, చేరినప్పుడు ఎలా ఉంది అని లెక్క చూసేది వస్తువుకి మాత్రమే. దాన్ని తెచ్చిన మనిషి బయల్దేరినప్పుడు ఎలా ఉన్నాడు, చేరేసరికి ఎలా ఉన్నాడు అని రాసే గడి ఎక్కడా లేదు. సరుకు వెనకున్న శ్రమ సరుకులో కనపడకుండా పోతుందని మార్క్స్ 1867లో రాసింది చదివినప్పుడు ఏదో పెద్ద సిద్ధాంతంలా అనిపించింది. ఈ కాగితం మీద అది ఒక ఖాళీ.

అయితే మనమే నడుపుకుంటూ వెళ్తే సరిపోతుందా? మొదట నాకలాగే అనిపించింది. నా దూరం నేనే దాటతాను, నా అలసట నేనే పడతాను. దాని ఆకర్షణ కూడా తక్కువది కాదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి వెళ్తే నిర్మల్ దగ్గర గోదావరి, ఆదిలాబాదు దాటాక పెన్‌గంగ. ఆ వంతెనతో తెలుగు బోర్డులు అయిపోతాయి. నాగపూర్ తర్వాత పెంచ్ అడవి, అక్కడ జంతువులు కింద నించి దాటేలా రోడ్డునే ఎత్తు చేసి కట్టారు. బర్మాన్ దగ్గర నర్మద, ధోల్‌పూర్ ముందు చంబల్. పొద్దున టిఫిను ఇడ్లీ నించి పోహాకి, పోహా నించి పరాఠాకి మారుతుంది. విమానంలో ఇదంతా రెండు గంటల్లో, మబ్బుల కింద, జరగనట్టే జరిగిపోతుంది. వేరే ఊరివాడివి అవుతున్నావని ఒంటికి తెలియజెప్పడానికి రోడ్డుకి మించింది లేదు.

ఇక్కడే నాకు ముల్లు గుచ్చుకుంది. నేను వర్ణించిన ఈ రోడ్డు మీదే ఆ ట్రెయిలరూ వెళ్తుంది. అవే నదులు, అదే అడవి. నాకది అనుభవం, అతనికి డ్యూటీ. నేను మూడు రోజులు నడిపి వచ్చి ఫోటోలు పెడితే నలుగురూ మెచ్చుకుంటారు. నెలకి నాలుగుసార్లు అదే దారిలో వెళ్ళేవాణ్ణి ఎలా ఉందని ఎవరడుగుతారు?

*

మా మావయ్య ఇరవై ఏళ్ళు లారీ నడిపాడు, ఎక్కువగా విజయవాడ నాగపూర్ రూటు. ఇప్పుడు సూర్యాపేటలో మనవళ్ళతో ఉంటున్నాడు. ఈ గొడవంతా ఆయనకి చెప్పాను. నేను నడిపితే ఒక డ్రైవరుకి ఆ మేరకి శ్రమ తప్పుతుంది కదా అన్నాను. ఆయన నవ్వాడు.

"నువ్వు లోడియ్యకపోతే ఆడు పడుకుంటాడనుకున్నావా అల్లుడూ? ఖాళీగా కూచుంటాడు. ఖాళీగా కూచుంటే బత్తా ఎవడిస్తాడు?"

ఇంకో మాట కూడా అన్నాడు. "రాత్రి పదకొండుకి సాగర్ దాటి నిద్ర కళ్ళతో నువ్వు నడుపుతుంటే, నీ ఎనకొచ్చే లారీవాడికి నువ్వే గండం."

ఆ రెండు మాటలతో నా సద్బుద్ధి చాలావరకు కూలిపోయింది. ఒకటి, నేను పక్కకి తప్పుకున్నంత మాత్రాన అతని బరువు దిగదు, పని పోతుంది. రెండు, నా రిస్కు నాది అనేది అబద్ధం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అంతమందీ తమ రిస్కు తామే తీసుకుని పోలేదు. ఎవరి నిద్రమత్తో ఎవరికో తగిలింది. అనుభవం లేనివాడు మూడు రోజులు వరసగా నడపడం వ్యక్తిగత సాహసంలా కనిపిస్తుంది గానీ, ఆ రోడ్డు మీదున్న వాళ్ళందరినీ అడక్కుండా వాళ్ళ మీద పెట్టే పందెం అది. పైగా ఒక ట్రెయిలర్ ఒక్క ఇంజనుతో ఆరేడు కార్లని మోస్తుంది. అన్నీ విడివిడిగా వెళ్ళడం కంటే అదే నయం.

మరైతే పంపెయ్యడమే కదా, ఇంకా ఆలోచన ఎందుకు? డబ్బు ఇచ్చాం, పని చేశాడు, చెల్లుకి చెల్లు. ఈ మాట నాకు మింగుడు పడదు. మనిషిని ఎప్పుడూ సాధనంగా వాడొద్దని కాంట్ చెప్పాడని చాలామంది అనుకుంటారు. ఆయన అన్నది, ఉత్త సాధనంగా మాత్రమే వాడొద్దని. ఆ చిన్న మాటలోనే కిటుకంతా ఉంది. ఒకరి పని ఒకరు వాడుకోకుండా లోకం నడవదు. వాడుకుంటున్నప్పుడు అవతల ఉన్నది మనిషని మన నిర్ణయంలో ఎక్కడన్నా కనపడుతోందా లేదా అన్నదే ప్రశ్న.

గాంధీ 1909లో హింద్ స్వరాజ్‌లో రైళ్ళని తిట్టాడు. తర్వాత జీవితమంతా రైళ్ళలోనే తిరిగాడు. దీన్ని పట్టుకుని ఎగతాళి చెయ్యడం తేలిక. కానీ ఆయన మూడో తరగతిలో ఎక్కాడు, అక్కడి మురికీ తొక్కిసలాటా చూశాడు, 1917లో దాని గురించి కరపత్రం రాశాడు. తప్పించుకోలేనిదాన్ని వాడుకుంటూనే, దాని భారం ఎక్కడ పడుతోందో అక్కడ కూర్చుని చూడ్డం ఆయన పద్ధతి. నాకు అందులో దొంగతనం కనపడదు.

*

ఇప్పుడు నా చేతిలో ఉన్నదేమిటి? కారు పంపే కంపెనీవాళ్ళు రెండు రేట్లు చెప్పారు. నాలుగు రోజుల్లో కావాలంటే ఎక్కువ, పన్నెండు రోజులదాకా ఆగితే తక్కువ. ఆ తేడా వేగానికి కట్టే ధర అనుకుంటాం. ఆ వేగం ఎక్కణ్ణించి వస్తుంది? ట్రెయిలర్ గంటకి నూట యాభై వెళ్ళలేదు. సమయం మిగిలేది యార్డులో ఆగే రోజుల నించి, లేదా డ్రైవరు నిద్ర నించి. మావయ్యని మళ్ళీ అడిగితే, "ఎక్కడిదాకా వచ్చావని గంట గంటకీ ఫోన్ చెయ్యకు, చాలు. ఫోనొచ్చిన ప్రతిసారీ కాలు యాక్సిలరేటర్ మీదకి పోద్ది" అన్నాడు.

నేను పన్నెండు రోజులదే తీసుకున్నాను. తేదీ గడిలో తొందర లేదని రాయించాను. దీనివల్ల ఒక డ్రైవరు ఒక రాత్రి హాయిగా పడుకున్నాడని రుజువు చెయ్యలేను. నా ఓపిక యార్డులోనే ఖర్చయిపోయి, ట్రెయిలర్ నిండేదాకా ఆగిన కంపెనీకి లాభంగా మారి ఉండొచ్చు. కానీ అతని మీద పడే ఒత్తిళ్ళలో నా పేరుతో ఒకటి తగ్గింది. నా చేతిలో ఉన్నది ఆ మేరకే.

మిగతాది ఏ ఒక్కరి మంచితనంతోనూ అయ్యేది కాదు. మోటారు రవాణా కార్మికుల పని రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు దాటొద్దని, దూరపు రూట్లకి కొంత సడలింపుతో, 1961లోనే చట్టం చేశారు. లారీ క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అయింది 2025 అక్టోబరు నించి తయారయ్యే బళ్ళకి. ఈ రెండు తేదీల మధ్య అరవై నాలుగేళ్ళు. సరుకు చల్లగా ఉండాలని ఏసీ బళ్ళు ఎప్పుడో వచ్చాయి. నడిపేవాడి దగ్గరికి ఇప్పటికి వచ్చింది.

2024 జనవరి 2న హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా జైలు అనే కొత్త సెక్షను మీద లారీ డ్రైవర్లు బళ్ళు ఆపేశారు. ఆ సెక్షను న్యాయమా కాదా అన్నది వేరే వాదన. ఊరంతా ఎవరి భుజాల మీద నిలబడి ఉందో ఒక్క రోజుకి బయటపడింది. మర్నాటికి బారులు తగ్గాయి, ఆ భుజాలు మళ్ళీ కనపడకుండా పోయాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. పిడికెడే కదా అని అందరం మన వాటాని మర్చిపోగలుగుతాం.

నేను తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను, ఒకప్పటి ఏపీ ఎక్స్‌ప్రెస్. నా దూరం నాకు తెలియాలన్న కోరిక కొంత తీరింది. రైలు నడిపినవాణ్ణీ నేను చూడలేదనుకోండి. కారు తొమ్మిదో రోజున చేరింది. దించడానికి వచ్చినాయన కాగితం తీసి బొమ్మ మీద గుర్తులన్నీ ఒక్కొక్కటే చూపించాడు. పాతవి తప్ప కొత్తవేం లేవు. సంతకం పెట్టాక, ట్రెయిలర్ డ్రైవరు ఎలా ఉన్నాడని అడిగాను. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి చూశాడు. డ్రైవరు అప్పటికే రిటర్న్ లోడుతో వెళ్ళిపోయాడట.