పడమరకు కాస్త ఉత్తరంగా

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ముసల్మానులు ఏ దిక్కుకు తిరిగి నమాజు చదువుతారని అడిగితే, పడమరకని పిల్లలు కూడా చెబుతారు. అది ముప్పాతిక నిజం. తిరగవలసింది మక్కాలోని కాబా వైపు. ఆ వైపునే ఖిబ్లా అంటారు. మదీనావాసులకు అది దక్షిణాన, కైరోవాసులకు ఆగ్నేయాన ఉంటుంది. కడప జిల్లా మక్కాకు తూర్పున ఉంది గనుక ఇక్కడ పడమర అయింది.

ప్రొద్దుటూరు నుంచి మక్కా సుమారు 4,150 కిలోమీటర్లు. కచ్చితమైన దిక్కు పడమరకు 16 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. బడిగోడ మీది ప్రపంచ పటంలో స్కేలు పెట్టి గీస్తే 10 డిగ్రీలే వస్తుంది. భూమి గుండ్రన కాబట్టి, గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూస్తేనే అసలు దారి తేలుతుంది. ఈ లెక్క కోసం ముస్లిం గణితవేత్తలు శతాబ్దాల పాటు తలలు బద్దలు కొట్టుకున్నారు. భారతదేశం మీద పెద్ద గ్రంథం రాసిన అల్ బిరూనీ, గజనీ పట్టణానికి ఖిబ్లా తేల్చడం కోసమే మరో గ్రంథం రాశాడు.

దేవుడు ఒక దిక్కునే ఉంటాడా అన్న ప్రశ్న ఇక్కడ రాక తప్పదు. తూర్పు పడమరలు రెండూ దేవుడివేనని ఖురానే అంటుంది. దిక్కు అవసరం మనుషులది: వరుసలో నిలబడ్డ వందమంది చూపు ఒకవైపు ఉండాలి. మొదట్లో ఆ వైపు జెరూసలేం. ప్రవక్త మదీనాకు వలస వచ్చిన 16, 17 నెలలకు, క్రీ.శ. 624 ప్రాంతంలో, అది కాబాకు మారింది. మదీనా నుంచి జెరూసలేం ఉత్తరాన, మక్కా దక్షిణాన ఉన్నాయి. అంటే వీపున్న చోటికి ముఖం తిప్పాలి. మదీనా పక్కనున్న కుబాలో తెల్లవారుజామున నమాజులో ఉన్నవారికి ఈ కబురు అందితే, నమాజు ఆపకుండానే అటు తిరిగారని హదీసులు చెబుతాయి.

ఊళ్లో ఉన్నవాడికి వెతుకులాట లేదు. మసీదు గోడే దిక్కు చూపిస్తుంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాక పెన్నా గండి ఒడ్డున లేచిన జామా మసీదులోనైనా, నిన్న మొన్న కట్టినదానిలోనైనా లోపలికి వెళితే ఎదురయ్యేది ఖిబ్లా గోడ. దానిలో మిహ్రాబ్ అనే గూడు ఉంటుంది. అందులో బొమ్మ గానీ పటం గానీ ఉండదు. ఊరి బయటి ఈద్గాకైతే కప్పు కూడా అక్కర్లేదు, పడమటి గోడ ఒక్కటి చాలు.

పొలంలోనో ప్రయాణంలోనో ఉన్నవాడికి పొద్దే ఆధారం. ఈ ప్రాంతంలో సూర్యుడు జూన్‌లో పడమరకు 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా కుంకుతాడు. మే మొదటి వారంలో, ఆగస్టు రెండో వారంలో దాదాపు ఖిబ్లా మీదే కుంకుతాడు. ఇంతకంటే సూటి గురుతు కూడా ఉంది. ఏటా మే 27, 28 తేదీల్లో మన గడియారంలో మధ్యాహ్నం 2:48కి, జూలై 15, 16 తేదీల్లో 2:57కి సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. ఆ నిమిషాన ఎండలో నిటారుగా కర్ర పాతితే, నీడ కొస నుంచి కర్ర మొదలు వైపు పోయే గీతే ఖిబ్లా. ఇప్పుడు సెల్‌ఫోనే చూపిస్తుంది. పక్కన ఇనుప బీరువా ఉంటే మాత్రం ఫోన్‌లోని దిక్సూచి ముల్లు దారి తప్పుతుంది.

ఎంత సూటిగా నిలబడాలి? ఇక్కడ ఒక డిగ్రీ తప్పితే అక్కడ 67 కిలోమీటర్లు పక్కకు పోతుంది. కాబా గోడ పొడవు 13 మీటర్లు దాటదు. అందుకే దూరాన ఉన్నవారికి ఆ వైపు ఉంటే చాలని హనఫీ ధర్మశాస్త్ర శాఖ పండితులు అన్నారు. అటు 45, ఇటు 45 డిగ్రీల వరకూ సడలింపు ఇచ్చారు. డిసెంబరు పొద్దును నమ్ముకున్న రైతు కూడా 40 డిగ్రీలే తప్పుతాడు గనుక ఆ హద్దులోనే ఉంటాడు. మబ్బు పట్టి, చెప్పే మనిషి లేక, తనకు తోచినంత విచారించి ఒకవైపు తిరిగి చదివినవాడు తర్వాత తప్పని తెలిసినా మళ్లీ చదవనక్కర్లేదు. మధ్యలో తెలిస్తే, కుబావారి లాగా, ఉన్నచోటే తిరగాలి.

ఖబరస్తాన్‌లోనూ ఇదే దిక్కు. గోరీలు ఉత్తర దక్షిణాలుగా తవ్వుతారు. తల ఉత్తరానికి ఉంచి, ముఖం కుడివైపుకు, పడమటికి తిప్పి పడుకోబెడతారు.