దొరకనిది, లేనిది

శ్రీకాకుళం చరిత్ర మీద పని మొదలుపెట్టిన ఎం.ఏ. విద్యార్థి ఒకరు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి వెళ్ళి, ఊరి పేరును ఇప్పటి ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టి వెతికారనుకుందాం. పంతొమ్మిదో శతాబ్దం నుంచి వచ్చేది చాలా తక్కువ. అదే 'చికాకోల్' అని కొట్టి చూడండి, పాత కాగితాలు బయటికొస్తాయి. కంపెనీ దొరలకి ఆ ఊరి పేరు అలాగే నోరు తిరిగింది, అలాగే రాసుకున్నారు. ఊరు ఎక్కడికీ పోలేదు, నాగావళి ఒడ్డునే ఉంది. కానీ ఆ పాత పేరు తెలియనివాళ్ళకి దానికి వందేళ్ళ చరిత్ర లేనట్టే కనిపిస్తుంది.

దీన్ని వెతుకులాటలో పనికొచ్చే చిట్కాగా చెప్పి వదిలేయొచ్చు. నాకు మాత్రం ఇందులో ఒక నైతిక ప్రశ్న ఉందనిపిస్తుంది. "నాకు దొరకలేదు" అనడానికీ "లేదు" అనడానికీ మధ్య ఉన్న దూరం ఎంత? ఆ దూరానికి బాధ్యత ఎవరిది?

నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని. డేటాబేసుల్లో సున్నా వేరు, నల్ వేరు. ఖాతాలో సున్నా ఉందంటే చూశాం, డబ్బు లేదు అని అర్థం. నల్ ఉందంటే ఎంతుందో మనకి తెలీదు అని అర్థం. ఈ రెండూ ఒకటే అనుకుని లెక్క కడితే, ప్రోగ్రాం ఏ ఎర్రరూ చూపించకుండానే తప్పు జవాబు ఇచ్చేస్తుంది. సెర్చ్ మీద పనిచేసేవాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది. వచ్చిన పది ఫలితాల్లో ఎన్ని సరైనవో కూర్చుని చూస్తే తెలుస్తుంది. రావలసినవాటిలో ఎన్ని రాలేదో చెప్పాలంటే మాత్రం మొత్తం ఎన్ని ఉన్నాయో ముందే తెలిసుండాలి. చరిత్ర విద్యార్థి పరిస్థితి ఎప్పుడూ ఈ రెండోదే.

ఇంతకీ మన ఉత్తరాంధ్ర మీద తేలిగ్గా దొరికేవి ఏమిటి? కార్మైకేల్ రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్ (1869), మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్ (1882), ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీర్ (1907). మూడూ గొప్ప శ్రమతో చేసినవే, చదవకుండా ముందుకెళ్ళలేం. కానీ మూడూ పరిపాలన కోసం రాసినవి. వాటిలో సవరలూ జాతాపులూ కనిపిస్తారు గానీ మాట్లాడరు, వాళ్ళ గురించి దొరలే మాట్లాడతారు. ఇవి ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి స్కాన్ చేస్తే యంత్రం అక్షరాలు గుర్తుపడుతుంది, మాట కొడితే పేజీ వస్తుంది. పాత తెలుగు అచ్చు దగ్గరికొచ్చేసరికి యంత్రం తడబడుతుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పడితే అలా ఎక్కాయి. ఒక్కో పేరుని నాలుగు రకాల స్పెల్లింగుల్తో వెతకాలి. అంత ఓపిక లేని విద్యార్థి తన ఊరిని కలెక్టరు కళ్ళతోనే చూస్తాడు. ఎవరూ బలవంతపెట్టలేదు, అదొక్కటే తేలిగ్గా దొరికింది.

ఇక సరిహద్దుల సంగతి. మందస ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అది గంజాం జిల్లా. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో, విజయనగరం 1979లో, పార్వతీపురం మన్యం 2022లో. మనుషులు కదలకుండానే వాళ్ళ కాగితాలు ఊళ్ళు తిరిగాయి. ఒక ఊరి కథ కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కీ, భువనేశ్వర్‌కీ, హైదరాబాద్ తార్నాకకీ, ఒక్కోసారి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకీ వెళ్ళాలి. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీలో చదివే పిల్లలకి దగ్గర్లో ఉన్న పెద్ద ఆసరా విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం. చెన్నైలో పది రోజులుంటే అయ్యే ఖర్చు చాలా ఇళ్ళల్లో ఒక నెల జీతం.

సరే, కష్టపడి వెళ్ళి కాగితం దొరికించుకున్నా, అది చెప్పేది ఎంత? 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర దాడి జరిగింది. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ కేసులో నిందితులు విడుదలయ్యారు. కోర్టు తీర్పు ఒక్కటే ఆధారంగా పెట్టుకుంటే, ఇద్దరు చచ్చిపోయారు, చంపినవాళ్ళు మాత్రం లేరు. శ్రీకాకుళ పోరాటం ఆ ఖాళీలోంచి కూడా పుట్టిందని తెలియాలంటే కోర్టు బయట మాటలు వినాలి. పోలీసు ఫైల్లోకి గిరిజనుడు ముద్దాయిగానో సాక్షిగానో వస్తాడు, ఆ పూట ఇంట్లో ఏం వండుకున్నాడో ఏ ఫైలూ రాసుకోదు.

ఈ విషయంలో గిడుగు రామమూర్తి గారు నాకు గుర్తొస్తారు. మనం ఆయన్ని వ్యావహారిక భాష గొడవ వరకే గుర్తుపెట్టుకున్నాం. ఆయన శ్రీముఖలింగం గుడి గోడల మీది శాసనాల్ని చదవడం సొంతంగా నేర్చుకున్నారు. సవరల భాషా నేర్చుకున్నారు. ఆ భాషకి వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. రాతి మీద దొరికేదాన్నీ, మనిషి నోట్లో తప్ప ఎక్కడా దొరకనిదాన్నీ ఒకే శ్రద్ధతో పట్టుకున్న మనిషి. రెండో దానికి కేటలాగు ఉండదు. అది మన కోసం ఆగదు కూడా, చెప్పే ముసలివాళ్ళతోనే పోతుంది.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. కాగితం లేదు కదా అని ఖాళీని మనకి నచ్చినట్టు నింపేయొచ్చా? 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధాన్నే చూడండి. రాబర్ట్ ఓర్మ్ ఇంగ్లీషులో రాసిందొకటి, దిట్టకవి నారాయణకవి 'రంగరాయచరిత్రము' ఒకటి, ఊరూరా పాడుకున్న బొబ్బిలి కథ ఇంకొకటి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో తెచ్చిన 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్'లో ఈ కథనాల్ని పక్కపక్కన పెట్టి చదివారు. దేన్నీ కట్టుకథ అని తోసేయలేదు, దేన్నీ గుడ్డిగా నమ్మలేదు. మనం అలా చేయం. సినిమాలో చూసిందే బొబ్బిలి అనుకుంటాం. మందస జమీందారీలో అడవి హక్కుల కోసం రైతులు తిరగబడ్డప్పుడు, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన గున్నమ్మని వీరగున్నమ్మ చేశాం. అది న్యాయమే. కానీ విగ్రహం దగ్గర ఆగిపోతే ఆవిడ ఎవరో, ఆ రోజు ఎందుకు అడ్డం నిలబడిందో అడగడం మానేస్తాం. ఖాళీని ఖాళీగా ఒప్పుకోవడం కూడా ఆవిడ పట్ల చూపించాల్సిన మర్యాదే.

"ఇవన్నీ ఇరవై ఏళ్ళ పిల్లల నెత్తిన పెడతారా?" అని ఎవరైనా అడిగితే న్యాయమైన ప్రశ్నే. అన్నీ వెతకమని ఎవర్నీ అడగలేం. డబ్బు లేనివాడు చెన్నై వెళ్ళలేదని తప్పుపట్టడం అన్యాయం. అందుకే ఈ బాధ్యతని రెండు ముక్కలు చేయాలి. చేరేలా ఉంచడం కాగితాలు దాచినవాళ్ళ పని. ఎంతవరకు వెతికానో చెప్పడం విద్యార్థి పని.

మొదటిదాంట్లో మన వాటా కూడా ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. అంటే జిల్లా గ్రంథాలయం మనదే, అక్కడ పాత పత్రికలు చెదలు పడుతున్నాయా అని అడిగే హక్కూ మనదే. అడగడం కాదు, చేసి చూపించినవాడు కాళీపట్నం రామారావు మాస్టారు. రిటైరైన ఒక బడిపంతులు, అవార్డుల డబ్బులు పెట్టి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. కథల కోసం పాత పత్రికలు పోగుచేశారు. చరిత్ర విద్యార్థులు అక్కడికి కథల కోసమే కాదు, కథ చుట్టూ ఉన్నదాని కోసం కూడా వెళ్ళాలని నేనంటాను. కథ పక్క పేజీలో ప్రకటన ఉంటుంది, చందా ధర ఉంటుంది, పాఠకుల ఉత్తరం ఉంటుంది. ఏ కలెక్టరూ భద్రపరచనివి అవి. ఆయన 2021లో వెళ్ళిపోయారు, ఆ బీరువాలు ఉన్నాయి.

రెండోదానికి పైసా ఖర్చు లేదు. ప్రతి ప్రాజెక్టు చివర పుస్తకాల పట్టికతో పాటు ఇంకో పేజీ ఉండాలి. ఎక్కడెక్కడ వెతికాను, ఏ పేర్లతో వెతికాను, ఎక్కడికి వెళ్ళలేకపోయాను, ఎవరితో మాట్లాడాలనుకుని మాట్లాడలేకపోయాను. గైడుకి అది బలహీనతలా కనిపించొచ్చు, మార్కులు రాకపోవచ్చు. కానీ పదేళ్ళ తర్వాత అదే అంశం మీద పనిచేసే ఇంకో విద్యార్థికి ఆ పేజీ అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. 'శ్రీకాకుళం' అని వెతికితే రాలేదు, 'చికాకోల్' అని వెతకలేదు అని అందులో ఒక్క వాక్యం ఉన్నా చాలు, తర్వాతివాళ్ళు అక్కడినుంచి మొదలుపెడతారు.