గడప రాయికి లొంగని కత్తి

సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల చప్పుడు ఆగదు. తెలంగాణ నుంచి వలసొచ్చిన నేతగాళ్ల ఇళ్ల మధ్య ఒక ముసలి కమ్మరి కొలిమి పెట్టుకున్నాడు. లారీల పాత కమాను పట్టీలు కొని వంటింటి కత్తులు చేసేవాడు. ఆ ఉక్కులో కర్బనం 0.6 శాతం దాకా ఉంటుంది. పదును నిలవడానికి అది చాలు. తళతళలాడే గిన్నెల స్టీలు రేకు తెచ్చి దాంతో చెయ్యమనేవాళ్లను వెనక్కి పంపేసేవాడు. ఎంత కాల్చి నూనెలో ముంచినా ఆ రేకు గట్టిపడదు మరి.

మనవడికి కమాను పట్టీ ఆనలేదు. పెద్ద బేరింగు రింగొకటి సంపాదించాడు. అందులో కర్బనం 1 శాతం. దాన్ని సాగగొట్టి, అయస్కాంతం పట్టు వదిలిన తర్వాత ఇంకాస్త కాల్చి నూనెలో ముంచాడు. ముంచిన ఉక్కు గాజులా పెళుసు కాబట్టి మళ్లీ సన్నని వేడి చూపించాలి. లేత పసుపు రంగు కనబడగానే ఆపేశాడు. ఆకురాయి పెడితే గీత కూడా పడలేదు. నున్నగా పాలిష్ చేసిన రోజ్‌వుడ్ పిడి బిగించి, మగ్గాల కూలీలకు మెస్సు నడిపే ఒకామెకు అమ్మాడు.

ఉంధియు కూర కోసం ఊరంతా ఊదా పెండలం కోసే చలికాలంలో ఆమె తిరిగొచ్చింది.

“బిడ్డా, కొన్ననాడు మంచిగనే తెగింది. ఇప్పుడు టమాట మీద గూడ జారుతున్నది. గడప రాయి మీద ఎంత నూరినా పదునెక్కుతలేదు. తడి చేతుల పిడి గూడ నిలుస్తలేదు.”

“అంత గట్టిది మరి పెద్దమ్మా! ఈ ఊర్ల గట్టిదానికే గదా ధర. వజ్రాల కార్ఖానలు చూస్తలేవా?”

ముసలాయన తిత్తి ఆపాడు. “వజ్రాన్ని సానబట్టాలంటే వజ్రం పొడే కావాలెరా. కార్ఖానల అది ఉంటది. ఈమె ఇంట్ల ఏమున్నది? అరిగిన గడప రాయి.”

రివెట్లు కొట్టేసి పిడి ఊడదీశాడు. కత్తిని తెల్లగా రుద్ది, ఎర్రగా కాలిన ఇనప దిమ్మె మీద దాని వీపు ఆనించాడు. పసుపు రంగు వీపు నుంచి అంచు వైపు పాకింది, వెనకే గోధుమ రంగు. అంచు గోధుమకు తిరగగానే, అంటే గట్టిదనం కాస్త తగ్గగానే, నీళ్లలో పెట్టాడు. ఈసారి పాలిష్ లేని తుమ్మ పిడి వేసి అవిసె నూనె పట్టించాడు.

ఆమె అక్కడే గడప మీద నాలుగుసార్లు నూరింది. టమాట తెగింది. మనవడి మొహం మాత్రం చిన్నబోయింది. పాపం, వాడు చేసిన కత్తిలో పనితనం లోపమేమీ లేదు.

నీతి: వస్తువు వాడేవాళ్ల చేతికి లొంగాలి. పనివాడు తన నేర్పును ఎంతవరకు చూపాలో తన కొలిమిని చూసి కాదు, కొనేవాళ్ల గడపను చూసి తేల్చుకోవాలి. జపాన్ కత్తులు చాలావరకు రాక్‌వెల్ గట్టిదనం కొలతలో 60 దాటుతాయి. అక్కడి వంటవాళ్లు నీటి సానరాళ్లు దగ్గర పెట్టుకుంటారు, వాటి మీద నూరడం నేర్చుకుంటారు. జర్మన్ కత్తులు 56, 58 దగ్గర ఆగుతాయి, అంచు సరిచేసే ఉక్కు కడ్డీ పక్కనే ఉంటుంది కాబట్టి.