అరువు డెక్‌తో ఆడటం తప్పా?

మ్యాజిక్: ద గ్యాదరింగ్, పోకెమాన్, యు-గి-ఓ వంటి ట్రేడింగ్ కార్డ్ ఆటల్లో బల్ల దగ్గర కూర్చోకముందే సగం పని అయిపోవాలి. వేల కార్డుల్లోంచి కావలసినవి ఏరుకుని ఎవరి డెక్ వాళ్లు సిద్ధం చేసుకోవాలి. చదరంగంలో ఇద్దరికీ అవే పదహారు పావులు. ఇక్కడ ఎవరి సైన్యాన్ని వాళ్లే కూర్చుకుని వస్తారు. అయితే సొంతంగా కూర్చుకోకుండా, ఎవరో తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టిన జాబితాను ఉన్నదున్నట్టు దించుకుని వచ్చేవాళ్లూ చాలామందే. ఆటగాళ్లు దీన్ని ‘నెట్‌డెకింగ్’ అంటారు. బహుమతులున్న పోటీల్లో ఇది మామూలు విషయం. సరదాగా ఆడుకునే చోటే తగవుకు దారితీస్తుంది. పైకి అది మర్యాదకు సంబంధించిన తగవే. లోపల మాత్రం రెండు పాత ప్రశ్నలున్నాయి: ఒక కూర్పు ఎవరి సొంతం, ఒక ఆట ఎక్కడ మొదలవుతుంది.

గణితంలో పరిశోధన చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన మ్యాజిక్‌ను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 1993లో విడుదల చేసింది. తొలి ముద్రణలో 295 కార్డులు. అసలు ఏయే కార్డులున్నాయో అప్పటి ఆటగాళ్లకు పూర్తిగా తెలియదు. ఎదుటివాళ్లు వేసిన కార్డును చేతిలోకి తీసుకుని చదివాకే అలాంటిదొకటి ఉందని తెలిసేది. ఆ కాలం ఎన్నాళ్లో సాగలేదు. యూజ్‌నెట్ చర్చాబృందాలు, 1990ల మధ్యలో వచ్చిన ‘ద డోజో’ అనే సైటు గెలిచిన డెక్‌ల గుట్టును ఊరూరా చేరవేశాయి. 1996లో ప్రో టూర్ పోటీలు మొదలయ్యాయి. ఆ తర్వాతి ఏడాది నుంచి కొన్నేళ్లపాటు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రాణించిన డెక్‌లను సంస్థే అచ్చువేసి అమ్మింది. వాటికి బంగారు రంగు అంచు, వెనకవైపు వేరే బొమ్మ, ఆటగాడి సంతకం ఉండేవి. అధికారిక పోటీల్లో అవి చెల్లవు, ఇంట్లో ఆడుకోవడానికి మాత్రం నిక్షేపంగా పనికొస్తాయి. తయారుచేసినవాళ్లే నకళ్లను సరుకుగా అమ్మిన ఆటలో, నకలు కొట్టడం దొంగతనమనే వాదన ఆదిలోనే తేలిపోతుంది.

కూర్పు ఎవరిదన్న ప్రశ్నను ఇంకాస్త చిక్కుపరిచే ఉదాహరణ 1996లో అట్లాంటాలో కనిపించింది. అక్కడి ఒక అర్హత పోటీలో పాల్ స్లై అనే ఆటగాడు ఎర్ర రంగు కార్డుల డెక్‌తో అందర్నీ ఆశ్చర్యపరిచాడు. అందులోవి విడివిడిగా చూస్తే ఎవరూ లెక్కచేయని చవక కార్డులు. మొదటి వంతులో ఒక మానతో (కార్డు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి) పని జరిగేవి, రెండో వంతులో రెండు మానలతో జరిగేవి ఇలా ఏ వంతులోనూ చేతిలో ఉన్న మాన వృథా కాకుండా లెక్కగా పేర్చినవి. ఆ లెక్కను తర్వాత అందరూ ‘మాన కర్వ్’ అన్నారు. డెక్‌కు మాత్రం ‘స్లై’ అన్న పేరే స్థిరపడింది. నిజానికి దాన్ని కూర్చిన మనిషి జే ష్నైడర్. అంటే కూర్చడం ఒకరి విద్య, ఆడటం మరొకరి విద్య. ఈ ఆటల చరిత్రలో ఆ రెండూ మొదటినుంచీ ఒకే మనిషిలో కలిసి లేవు.

అరువుకూ సొంతానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది భారతీయ కావ్యశాస్త్రానికి కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ నాలుగో ఉద్ద్యోతంలో ఇద్దరు కవుల రచనల మధ్య పోలికను మూడు రకాలుగా విడదీశాడు. అద్దంలో ప్రతిబింబం లాంటిది ఒకటి, చిత్రపటం లాంటిది రెండోది, ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల లాంటిది మూడోది. మొదటి రెండూ విడిచిపెట్టవలసినవి. మూడోదానికి తనదైన ప్రాణం ఉంది కాబట్టి దోషం లేదు. తర్వాత వచ్చిన రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ఈ లెక్కను ఇంకా పెంచి, మూలభావం ఒకటే అయినా కూర్పు పూర్తిగా వేరైన నాలుగో రకాన్నీ చేర్చాడు.

కావ్యాన్ని అంచనా వేసే కొలబద్ద కార్డుల డెక్‌కు ఎందుకని అనిపించవచ్చు గానీ అది చక్కగానే అతుకుతుంది. కార్డులన్నిటినీ యథాతథంగా దించుకోవడం ప్రతిబింబం. కొనలేనంత ఖరీదున్న నాలుగు కార్డుల బదులు చేతిలో ఉన్న మరో నాలుగు పెట్టుకోవడం చిత్రపటం. రంగులు మారాయి, రూపురేఖలు అవే. అదే కథానాయక కార్డు చుట్టూ ఇంకో ఆలోచనతో అల్లిన డెక్ మూడో రకం. ఇక ష్నైడర్ లెక్క ఈనాడు నీలి డెక్‌లోనూ ఆకుపచ్చ డెక్‌లోనూ, ఆయన పేరు కూడా వినని పిల్లల చేతుల్లోనూ పనిచేస్తోంది. అది నాలుగో రకం. ఈ నాలుగో అరువును కాదంటే సొంత డెక్ అనే మాటకే అర్థం ఉండదు. కార్డులన్నీ సంస్థ ఉద్యోగులు రాసినవి. వాటిలో చాలా జతలు ఆటగాళ్లు కనిపెట్టాలనే ఉద్దేశంతో ముందే అమర్చి పెట్టినవి.

కానీ ఈ కొలబద్ద ఒకచోట చాలదు. కావ్యాన్ని పాఠకుడు ఆస్వాదిస్తాడు. డెక్‌తో ఎదుటివాళ్లు తలపడతారు. అందుకే రెండో ప్రశ్న అవసరం. కెనడాలో తత్వశాస్త్రం బోధించిన బెర్నార్డ్ సూట్స్ 1978లో వెలువరించిన ‘ద గ్రాస్‌హాపర్’లో ఆటకు ఒక నిర్వచనం ఇచ్చాడు. లేకపోయినా నష్టం లేని అడ్డంకులను కోరి పెట్టుకుని, వాటిని దాటడానికి చేసే ప్రయత్నమే ఆట అని దాని సారాంశం. గోల్ఫ్ బంతిని గుంతలో వేయడమే పనైతే చేత్తో పట్టుకెళ్లి వేయొచ్చు. అలా వేస్తే గోల్ఫ్ ఆడినట్టు కాదు.

మరి డెక్ కూర్చుకోవడం ఆ అడ్డంకుల్లో ఒకటా? మ్యాజిక్ పోటీల నియమాలు కాదనే చెబుతాయి. అక్కడ ఏడు కార్డులు చేతికి తీసుకోవడంతో ఆట మొదలవుతుంది. అంతకుముందు ఏం చేసినా అది సన్నాహమే, ఎవరి దగ్గర నేర్చుకున్నా తప్పులేదు. చదరంగంలో సిసిలియన్ డిఫెన్స్ ఎత్తులు పుస్తకం చూసి వల్లెవేసినవాణ్ని ఎవరూ దొంగ అనరు. అక్కడా విసుగు పుట్టకపోలేదు. వల్లెవేతతో ఆట పాడవుతోందని మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ 1996లో వెనక వరస పావులను చీటీలు వేసినట్టు మార్చి పేర్చే పద్ధతిని ప్రకటించాడు. ఆయన ఎవరినీ నిందించి ఊరుకోలేదు, నియమాన్నే మార్చాడు.

సరదా బల్ల దగ్గర పరిస్థితి వేరు. మ్యాజిక్‌లో ఈనాడు బాగా ఆదరణ ఉన్న పద్ధతి కమాండర్. అలాస్కాలో కొందరు ఆటగాళ్లు ‘ఎల్డర్ డ్రాగన్ హైలాండర్’ పేరుతో మొదలుపెట్టుకున్నది ఇది. సంస్థ 2011లో దాన్ని అధికారికంగా అందుకుని డెక్‌లు విడుదల చేసింది. సాధారణంగా నలుగురు ఆడతారు. ఒక్కొక్కరికి 40 ప్రాణాలు, వంద కార్డులు. మామూలు ల్యాండ్ కార్డులు తప్ప మరేదీ రెండోసారి రాకూడదు. ఇరవై వేలకు పైగా కార్డుల్లోంచి వంద ఏరుకుని, ఎవరి డెక్ చూస్తే వాళ్ల మనిషి కనబడేలా చేయడమే ఈ పద్ధతికి మొదటి ఆకర్షణ. సంస్థలో డిజైనర్ మార్క్ రోజ్‌వాటర్ 2002లో ఆటగాళ్లను టిమ్మీ, జానీ, స్పైక్ అని మూడు రకాలుగా వర్ణించాడు. తన తెలివి డెక్‌లో కనబడాలని తపించేవాడు జానీ. కమాండర్ జానీలకు పుట్టిల్లు. ఇక్కడ కూర్పును సన్నాహం అని పక్కన పెట్టడం కుదరదు. చాలామందికి ఆటలో ఎక్కువ భాగం అదే.

కూర్చేవాడి కష్టం ఎలాంటిదో దగ్గరగా చూస్తే నకలులో పోయేదేమిటో తెలుస్తుంది. అట్రాక్సా అనే నాలుగు రంగుల కార్డును కమాండర్‌గా, అంటే డెక్‌కు కథానాయక కార్డుగా పెట్టుకుంటే, ఆ ఆటగాడి ప్రతి వంతు చివరా బల్ల మీద ఉన్న కౌంటర్లు (లెక్కకు గుర్తుగా పెట్టే బిళ్లలు) ఒక్కొక్కటి చొప్పున పెరుగుతాయి. ఏ కౌంటర్లు పెంచాలన్నది ఆటగాడి ఇష్టం. సైనికుల బలాన్ని పెంచవచ్చు, ఎదుటివాళ్లకు ఎక్కించిన విషాన్ని పెంచవచ్చు. ఒక దారి పట్టి ఏరుతూ పోతే లెక్క వందకు ఆగదు, నూట ఇరవైకి పోతుంది. అక్కణ్నుంచి కోతే అసలు పని. ఇష్టమైన కార్డును పక్కన పెట్టడానికి కారణం వెతకాలి, ఉంచడానికీ కారణం వెతకాలి. చివరికి మిగిలిన వందలో ప్రతి కార్డు వెనకా ఒక జవాబు ఉంటుంది.

జాబితాలో జవాబులే ఉంటాయి, ప్రశ్నలు ఉండవు. ఉదాహరణకు ‘టార్మాడ్స్ క్రిప్ట్’ అనే కార్డు ఖర్చేమీ లేకుండా బల్ల మీదికి వస్తుంది. దాన్ని త్యాగం చేస్తే ఒక ఆటగాడి గ్రేవ్‌యార్డ్, అంటే వాడేసిన కార్డుల కుప్ప, మొత్తం మాయమవుతుంది. ఒక డెక్ కూర్చిన మనిషి స్నేహితుల్లో ఇద్దరు ఆ కుప్పలోంచి కార్డులను తిరిగి లేపే రకమని అనుకుంటే ఈ కార్డు తప్పనిసరి. ఆ జాబితాను మరో ఊళ్లో దించుకున్నవాడి బల్ల దగ్గర అలాంటివాళ్లు ఒక్కరూ లేకపోవచ్చు. కార్డు మాత్రం డెక్‌లో కూర్చునే ఉంటుంది. ఎందుకు పెట్టావని పక్కవాళ్లు అడిగితే ‘అందులో ఉంది కాబట్టి’ అనడం తప్ప దిక్కులేదు. నష్టపోయింది దించుకున్నవాడే. అది నష్టమే గానీ ఎవరి పట్లా చేసిన అన్యాయం కాదు. పైగా దాన్ని పూడ్చుకోవచ్చు: పది ఆటలు ఆడి పనికిరానివి తీసి, కావలసినవి పెడుతూ పోతే ప్రతిబింబం కాస్తా మెల్లగా మూడో రకంలోకి జరుగుతుంది. ఎందరో మంచి కూర్పరులు ఇలా దించుకోవడంతోనే చదువు మొదలుపెట్టినవాళ్లు.

అన్యాయం ఉందంటే అది మరోచోట ఉంది. డచ్చి చరిత్రకారుడు యోహాన్ హౌజింగా 1938 నాటి ‘హోమో లూడెన్స్’లో మోసగాడికీ ఆట చెడగొట్టేవాడికీ తేడా చూపాడు. మోసగాడు నియమాలను పాటిస్తున్నట్టు నటిస్తాడు కాబట్టి ఆట నిలుస్తుంది. ఆట చెడగొట్టేవాడు ఆ లోకాన్నే ఒప్పుకోడు. నలుగురూ గంటన్నర సేపు కబుర్లతో ఆడుకుందామని కూర్చున్నాక, పోటీ కోసం పదును పెట్టిన జాబితాతో నాలుగో వంతులోనే ముగించేసేవాణ్ని చూస్తే రెండోవాడు గుర్తొస్తాడు. అయితే ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఆ డెక్‌ను అతను రాత్రంతా కూర్చుని సొంతంగా కనిపెట్టి తెచ్చినా బల్లకు జరిగే చెరుపు అంతే. చికాకు పుట్టించింది బలం. నింద మాత్రం నకలు మీద పడుతుంది. సంస్థ అమ్మే రెడీమేడ్ కమాండర్ డెక్‌తో కొత్తవాళ్లు వస్తే ఎవరూ నొసలు చిట్లించరు. అందులో వాళ్లు ఏరుకున్న కార్డు ఒక్కటీ లేదు, అయినా అభ్యంతరం రాదు. అభ్యంతరం నిజంగా సొంతదనం గురించే అయితే ఆ డెక్‌నే ముందు తప్పుపట్టాలి.

2024లో కమాండర్ నియమాల బాధ్యత స్వచ్ఛంద కమిటీ చేతుల్లోంచి విజర్డ్స్‌కు వచ్చింది. 2025లో డెక్‌లను బలాన్ని బట్టి ఐదు అంచెలుగా విడదీసే పద్ధతిని సంస్థ తెచ్చింది. ఆట మొదలుపెట్టే ముందు ఎవరి డెక్ ఏ అంచెలోదో చెప్పుకుంటారు. కూర్చిందెవరని ఆ పద్ధతి అడగదు. అడగకపోవడమే సబబు. అడగకుండానే తన కూర్పని చెప్పుకుని పొగడ్తలు అందుకుంటే అది వేరే తప్పు, దానికి అబద్ధమనే పాత పేరు ఉండనే ఉంది.

ఒక్కొక్కరి విషయంలో తప్పులేని పని అందరూ చేస్తే ఏమవుతుందన్నది మిగిలిన చిక్కు. పూర్తి జాబితాను దించుకోవడం కన్నా ఇక్కడ గణాంకాల ప్రభావమే ఎక్కువ. ఈడీహెచ్‌రెక్ వంటి సైట్లు ఫలానా కమాండర్ ఉన్న డెక్‌లలో ఏ కార్డు ఎంత శాతంలో ఉందో చూపిస్తాయి. ఆ వరస చూసుకుంటూ కూర్చినవాళ్లు తాము ఎవరినీ అనుకరించలేదనే నమ్ముతారు. నిజానికి ఒక మనిషిని కాకుండా సగటును అనుకరిస్తారు. ఎక్కువమంది పెట్టారు కాబట్టి పెడతారు, పెట్టారు కాబట్టి శాతం ఇంకా పెరుగుతుంది. ఒక మాన ఖర్చుకు రెండిచ్చే ‘సోల్ రింగ్’ ఎటు చూసినా కనబడేది అందుకే అంటే పూర్తిగా నిజం కాదు, అది నిజంగానే బలమైన కార్డు. దాని తర్వాత వచ్చే నలభై కార్డుల సంగతే అనుమానం. పేరున్న కూర్పరి జాబితాలో కనీసం ఒక మనిషి పిచ్చి ఉంటుంది. సగటులో అదీ ఉండదు.

అలాగని అందరూ సొంతంగా కూర్చాలని పట్టుబట్టడం సమయం, డబ్బు ఉన్నవాళ్ల పక్షం వహించడమే. ప్రయోగం చేయాలంటే పనికిరాకపోయే కార్డులనూ కొనాలి. చవక డెక్ జాబితా ఒకటి చూసుకుని కావలసినవే విడిగా కొనుక్కునే విద్యార్థికి నకలు పొదుపు కూడా. అతని కష్టం కూర్పు నుంచి ఆటలోకి మారుతుందంతే. ఎదుటి ముగ్గురిలో ఎవరిని ఎప్పుడు ఆపాలి, ఏ కార్డు దాచుకోవాలి అన్నవి ఏ జాబితాలోనూ ఉండవు. ‘గేమ్స్: ఏజెన్సీ యాజ్ ఆర్ట్’ (2020)లో తత్వవేత్త సి. థి న్గుయెన్ గెలుపు కోసం ఆడటాన్నీ, పోరాడే అనుభవం కోసం ఆడటాన్నీ విడదీసి చూపాడు. నకలు డెక్‌తో ఆ రెండోదీ సాధ్యమే.

దించుకోవడానికి వీలులేని పద్ధతి ఒకటుంది, డ్రాఫ్ట్. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక ప్యాకెట్ విప్పి, ఒక కార్డు తీసుకుని మిగతావి పక్కవాళ్లకు అందిస్తారు. మూడు ప్యాకెట్లు అయ్యాక చేతికి వచ్చినవాటితో, మామూలు ల్యాండ్ కార్డులు కలుపుకుని, అప్పటికప్పుడు నలభై కార్డుల డెక్ కూర్చాలి. ముందే తయారైన జాబితా ఇక్కడ అక్కరకు రాదు. కానీ కొత్త సెట్ వచ్చిన కొద్ది రోజులకే ఏ కార్డు గెలుపు శాతం ఎంతో చెప్పే పట్టికలు వెలువడతాయి, వాటిని కంఠతా పట్టి వచ్చేవాళ్లు డ్రాఫ్ట్ బల్ల దగ్గరా ఉంటారు.