ఎవరి మాట ప్రమాణము?

పిడుగురాళ్ల సున్నపు బట్టీలలో కాలిన రాయి పైకి తెల్లగనే యుండును. లోపల పచ్చిదనము మిగిలినదో లేదో నీరు పోసినప్పుడు గాని తేలదు. కాలినది పొంగి పిండి యగును. కాలనిది రాయిగనే నిలుచును. బాగుగా కాలినదని చెప్పినవాడు యజమానియా, కూలివాడా యను భేదము నీటికి లేదు.

విశిష్టాద్వైత సిద్ధాంతమున ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములు మూడు. లౌకిక విషయములలో శబ్దమునకు బలము చెప్పువాని ఆప్తత్వమునుబట్టి కలుగును. ఆప్తుడనగా ఉన్నదానిని ఉన్నట్లు చెప్పువాడే గాని, పెద్ద పదవిలో నున్నవాడు కాడు. వినుటకిది సులభమే. ఆచరణమున పండితులు సైతము తడబడుదురు.

పిడుగురాళ్ల చిరకాలము ఏ జిల్లాలో నుండెనో, ఆ జిల్లాకు ముఖ్యపట్టణమైన గుంటూరులో 1899లో రూత్ బెకర్ అను బాలిక లూథరన్ మిషనరీ దంపతులకు జన్మించెను. తమ్ముని అనారోగ్యము కారణముగా 1912లో తల్లి పిల్లలను వెంటబెట్టుకొని అమెరికాకు బయలుదేరి, ఇంగ్లండులో టైటానిక్ ఓడ నెక్కెను. అడ్డుగోడలతో 16 గదులుగా విభజింపబడిన యా ఓడ మునుగదని పలువురు నమ్మిరి. కాని యా గోడలు చాలినంత ఎత్తు లేవు. ఒక గది నిండిన నీరు పొర్లి తరువాతి గదిలోనికి పోవును. 1858లో నీటికి దించిన గ్రేట్ ఈస్టరన్ ఓడకు నీటిమట్టము వరకు రెండు పొరల గోడ యుండెను. అర్ధశతాబ్ది గడచిన పిదప కట్టిన టైటానిక్‌నకు అడుగున తప్ప పక్కల రెండవ పొర లేదు! రెండువేలకు పైబడిన జనమునకు ప్రాణరక్షణ పడవలు 20 మాత్రమే.

ఏప్రిల్ 15వ తేదీ తెల్లవారుజామున ఓడ మునిగెను. తల్లియు చిన్నపిల్లలును ఒక పడవలో, పండ్రెండేండ్ల రూత్ వేరొక పడవలో బ్రతికి బయటపడిరి. ఓడ నడుమ విరిగి రెండైనదని చూచినవారు పలువురు విచారణలలో చెప్పిరి. రూత్‌ను ఎవరును విచారణకు పిలువలేదు. ఆమె చూచినదియు అదియే. మిగిలిన అధికారులలో పెద్దయైన లైటోలర్ విరుగలేదనెను. ఆయనను అసత్యవాది యనరాదు. ఆ రాత్రి వెన్నెల లేదు, ఆయనయు నీటిలోబడి ప్రాణములకై పెనుగులాడెను. అయినను అమెరికా, బ్రిటన్ దేశముల విచారణలు రెండును ఓడ విరుగలేదనియే తేల్చినవి. ఇంటిలో పిల్లవాడు చూచి చెప్పినదానిని పెద్దలు త్రోసివేయుటయు ఇట్టిదే.

ఓడల నిర్మాణమును దిద్దుటకు మాత్రము ఆలస్యము కాలేదు. 1912-13 శీతకాలముననే సోదరనౌకయగు ఒలింపిక్‌నకు లోపల రెండవ పొర కట్టి, అడ్డుగోడలను ఎత్తు చేసిరి. తీర్పు దిద్దుబాటగుటకు 73 ఏండ్లు పట్టెను. 1985 సెప్టెంబరు 1న, 12,000 అడుగులకు మించిన లోతున శిథిలములు కనబడినవి. ముందుభాగమొకచోట, వెనుకభాగమొకచోట, నడుమ దాదాపు రెండువేల అడుగుల ఎడము.

రూత్ ఉపాధ్యాయినిగా జీవించి, చాలకాలము ఆ రాత్రిని గూర్చి నోరు విప్పలేదు. శిథిలములు దొరకునప్పటికి ఆమెకు 85 ఏండ్లు. 1990లో మరణించెను. 1994లో ఆమె చితాభస్మమును ఆ ఓడ మునిగినచోటనే సముద్రమున కలిపిరి.