గోల్కొండను చూసిన వలందావారు: నయం, దుర్నయం

పరాయి దేశపు రాజధానిలో కొంతకాలం మసలి, అక్కడి కొలువునూ కోవెలలనూ మసీదులనూ చూసి రాసిపెట్టినవాని మాటలో సత్యమెంత అనే ప్రశ్న చరిత్రకారులదిగా కనిపించినా, మూలంలో అది జ్ఞానస్వరూపాన్ని విచారించే దార్శనికులదే. ఈ విచారణకు బాగా పనికివచ్చే సాధనం జైనుల నయవాదం. నిజామాబాదు జిల్లా రుద్రూరుకు పొరుగునున్న బోధన్‌ను బాహుబలి ఏలిన పోదనపురంగా పలువురు చరిత్రకారులు గుర్తించారు గనుక, ఆ దర్శనం ఈ నేలకు కొత్తదేమీ కాదు. అనేక ధర్మాలు గల వస్తువును ఏదో ఒక వైపు నుంచి గ్రహించే దృష్టికి నయమని పేరు. ఆ వైపే వస్తువంతా అని పట్టుబట్టి తక్కినవాటిని తోసిపుచ్చితే అది దుర్నయమవుతుంది. ప్రతి నయమూ తన మేరలో సత్యమేననీ, ఎదుటి నయాన్ని ఖండించబోయిన చోట తప్పుదారి పడుతుందనీ సిద్ధసేన దివాకరుడు సన్మతితర్కంలో ప్రతిపాదించాడు. ఆ రుద్రూరులోని చెరకు పరిశోధన కేంద్రపు శాస్త్రవేత్త చెరకులో చక్కెర శాతాన్ని చూస్తే, పండించిన రైతు టన్ను ధరను చూస్తాడు. తోట మాత్రం ఒకటే.

తెలుగువారు వలందావారని పిలిచిన డచ్చివారు 1602లో తూర్పు ఇండియా కంపెనీని స్థాపించుకొని, ఆ దశాబ్దంలోనే మచిలీపట్నంలో కోఠీ, అంటే వర్తకశాల, పెట్టారు. ఆ ఊళ్లోని వలందపాలెం నేటికీ వారి పేరు మోస్తున్నది. ఔరంగాబాదు నుంచి ఇందూరు, ఇందల్వాయి మీదుగా 1667 ప్రాంతంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనోకు గోల్కొండ రాజ్యం మొదట ఇందల్వాయి కత్తులలో కనిపించగా, సముద్రం వైపు నుంచి వచ్చిన డచ్చివారికి అది అద్దకపు బట్టలలోనూ సుంకాలలోనూ వసూలుకాని బాకీలలోనూ కనిపించింది. వారిలో డేనియల్ హవార్ట్ సామాన్యుడు కాడు. కోరమండల తీరంలో కంపెనీ కొలువు చేసి, పారశీకం నేర్చి, సాదీ రచించిన బోస్తాన్‌ను డచ్చిలోకి తెచ్చినవాడు. కోరమండలపు అభ్యుదయ పతనాలను వర్ణించిన అతని గ్రంథం 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది.

అయినా గోల్కొండ మంత్రి మాదన్న విషయానికి వచ్చేసరికి వర్తకుల చూపు ఇరుకవుతుంది. షియా సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో ఒక బ్రాహ్మణుడు సర్వాధికారి కావడం మతాల సహజీవనాన్ని గురించి లోతైన ప్రశ్న వేయవలసిన సన్నివేశం; కంపెనీ రాతలలో మాత్రం అతడు తరచు తమ పనులకు అడ్డుపడే అధికారిగానే కనిపిస్తాడు. 1686లో మాదన్న, అతని అన్న అక్కన్న హత్యకు గురయ్యారు. ఆ ఏడే బాకీల తగాదాలో డచ్చివారు మచిలీపట్నాన్ని బలవంతంగా ఆక్రమించారు. మరుసటి ఏడు గోల్కొండ ఔరంగజేబు వశమైంది. బాకీదారుని మతాన్ని అప్పిచ్చినవాడు నిష్పక్షపాతంగా చూడగలడా అన్నదే ఇక్కడి చిక్కు. మాదన్నను రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్నకు మేనమామగానూ, తానీషాను రామదర్శనం పొందిన భాగ్యశాలిగానూ చెప్పుకునే తెలుగు సంప్రదాయం కూడా నయమే. భక్తుని వైపు నుంచి చూసినది కనుక అందులో సుంకాల ప్రసక్తి లేదు.

చూపు విశాలమయ్యే మార్గం రాజధానిలో కాక పులికాట్‌లో దొరికింది. అక్కడ 1632 నుంచి పదేళ్లు డచ్చి మతగురువుగా ఉన్న అబ్రహాం రోజేరియస్, పద్మనాభుడనే బ్రాహ్మణుణ్ని దగ్గర కూర్చోబెట్టుకొని, ఇద్దరికీ మాతృభాష కాని పోర్చుగీసులో ఆచారాలనూ దేవతలనూ గురించి అడిగి తెలుసుకున్నాడు. అతడు పోయాక 1651లో లైడెన్‌లో వెలువడిన పుస్తకం, హిందూమతాన్ని అన్యమతాంధకారంగానే భావించినా, భర్తృహరి నీతి వైరాగ్య శతకాలను డచ్చిలో అందించింది. దుర్నయపు ముఖద్వారం వెనుక నయం నిలబడగలగడానికి కారణం రోజేరియస్ ఔదార్యం ఒక్కటే కాదు, చూడబడుతున్నవాడు మాట్లాడగలగడం. పద్మనాభుని పాలు అందులో ఎంతో చెప్పకుండా ఆ గ్రంథాన్ని డచ్చివారి ఘనతగా మాత్రమే ఎంచడం అన్యాయం.

చిత్రకారుల సంగతి వేరు. 1686 ప్రాంతంలో గోల్కొండ చిత్రకారులు గీసిన 49 రూపచిత్రాల సంపుటం ఆమ్‌స్టర్‌డామ్ నగరాధిపతి నికొలాస్ విట్సెన్ చేతికి చేరి, ఇప్పుడు అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. గీసిన చెయ్యి దక్కనుది, కొన్న కన్ను డచ్చిది. స్వదేశం దాటని డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ హిందూస్థానపు సూక్ష్మచిత్రాలకు ఇరవైకి పైగా నకళ్లు గీశాడు. వాటిలో చెట్టు కింద కూర్చున్న నలుగురు ముస్లిం పెద్దల చిత్రపు అమరికనే 1656లో, దేవదూతలకు అబ్రహాం ఆతిథ్యమిచ్చే తన ముద్రాచిత్రంలో వాడుకున్నాడు. ఇస్లాం సాధువులను గౌరవంగా చూడగలిగిన కన్ను బైబిలు కథను అదే ఆసనంలో కూర్చోబెట్టడం, గోల్కొండలో ఏళ్లకేళ్లున్న వర్తకులెవరికీ తట్టని సమన్వయం. దగ్గరగా ఉండడం ఒక్కటే సత్యానికి దారి కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

తానీషా కాలాన్ని గురించి తెలుగులో రాయబూనేవారు హేగ్‌లో భద్రపరచిన కంపెనీ పత్రాలనూ హవార్ట్ గ్రంథాన్నీ రామదాసు కీర్తనల పక్కనే పెట్టుకొని చదవాలి. రెంటిలో ఏ ఒక్కదానితోనో తృప్తిపడిన పుస్తకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.