ముందే నిశ్చయించుకున్న భోజనం

వాక్యభాగం: దానియేలు 1:8–16

బబులోను రాజు బల్ల మీద మాంసానికీ ద్రాక్షారసానికీ కొదవలేదు. అయినా దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు తమకు శాకధాన్యాదులు, నీళ్లు చాలన్నారు. పది దినాలు పరీక్షించి చూడమన్నారు. గడువు తీరేసరికి రాజభోజనం తిన్నవాళ్ల కంటే వీళ్ల ముఖాలే కళగా ఉన్నాయి.

ఇందులో మనం తరచు గమనించకుండా దాటిపోయే సంగతి ఒకటుంది. పళ్లెం ముందుకు వచ్చాక దానియేలు ఆలోచన మొదలుపెట్టలేదు. ముందే మనసులో నిశ్చయించుకున్నాడు. అందుకే రాజు కొలువులోని అధిపతి భయపడి వెనుకాడినా నిరాశపడక, తమను చూసుకునే నియామకుణ్ని మర్యాదగా అడిగి ఒప్పించాడు.

మన కౌడిపల్లి ఇళ్లలో ఏం జరుగుతోంది? పొలం నుంచో డ్యూటీ నుంచో అలసి వచ్చాక ‘ఇయ్యాల ఏం కూర?’ అనుకుంటాం. అప్పుడు చేతికందేది తెల్లన్నం, తొక్కు, పిల్లలకు కిరాణా కొట్టు చిప్స్ ప్యాకెట్. ఆ పూటకు ఆకలి తీరుతుంది. ఏళ్ల తరబడి ఇదే అలవాటైతే షుగరు, బీపీ గోలీలు ఇంట్లోకి రావడానికి దారి దొరుకుతుంది.

దేవుడు ఈ నేలకు తక్కువ చేయలేదు. జొన్న, మక్క, కంది, పెసర, బబ్బెర, పుంటికూర మనకు కొత్తవి కావు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత రైతులు, చిరుధాన్యాలూ పప్పులూ ఒకే చేనులో కలిపి పండించారు. పాత విత్తనాలు పోకుండా ఇళ్లలో దాచారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థను వరించింది. మన మండలంలోనే తునికిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పెరట్లో కూరగాయలు ఎలా పెంచాలో వెళ్లి అడగవచ్చు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు కావాలి. అన్నంలో, రొట్టెలో తక్కువయ్యే మాంసకృత్తుల అంశాన్ని పప్పు పూరిస్తుంది. మన పెద్దలు పప్పు లేని భోజనాన్ని భోజనమనుకోకపోవడానికి ఇంత బలమైన కారణం ఉంది.

కాబట్టి ఆదివారం ఆరాధన అయ్యాక కుటుంబమంతా కూర్చుని వారానికి సరిపడా వంటలు కాగితం మీద రాసుకోండి. సోమవారం తోటకూర పప్పు, మంగళవారం జొన్నరొట్టెలు, బబ్బెర్ల కూర, బుధవారం పచ్చిపులుసు, పెసరపప్పు కూర. ఆ కాగితం పట్టుకునే అంగడికి వెళ్లండి. అనవసరమైనవి కొనరు, కొన్నవి పాడుకావు.

సోమవారం రాత్రి ప్రార్థన ముగించి పడుకునే ముందు బబ్బెర్లు కడిగి నానబెట్టండి. పొద్దునకల్లా గింజ ఉబ్బి, గోటితో నొక్కితే విరుగుతుంది. ఇక కుక్కరులో త్వరగా ఉడుకుతుంది. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, టమాట కొద్ది నూనెలో మగ్గించి కలిపితే కూర సిద్ధం. ఆకుకూరను తరగకముందే కడగండి. తరిగాక కడిగితే సారం నీళ్లలో పోతుంది. పప్పు దించాక నిమ్మకాయ పిండండి. అందులోని సి విటమిన్ వల్ల ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మాంసంతోపాటు పాలు, పెరుగు కూడా మానేసినవాళ్లు బి12 విటమిన్ గురించి డాక్టరును అడగాలి.

మాంసం తినేవారిని తినని వారు తీర్పు తీర్చకూడదని రోమా పత్రిక 14వ అధ్యాయం మనల్ని హెచ్చరిస్తుంది. కూరాకు భోజనం మనల్ని ఇతరుల కంటే పరిశుద్ధులను చేయదు. దేవుడిచ్చిన దేహాన్ని బాధ్యతగా చూసుకోవడం మాత్రం మన సాక్ష్యంలో భాగమే. ఆకలిగొన్నవారిని ఆదుకోవడమూ అంతే. మెదక్ చర్చి కట్టిన రోజుల్లో ఈ సీమ కరువుతో అల్లాడింది. మిషనరీ పాస్నెట్ దొర ఆ నిర్మాణంలో జనానికి పని చూపి అన్నం పెట్టాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి గోడల్లో ఆకలిగొన్నవారి చెమట ఉంది. ఈ జిల్లాలో విశ్వాసం, అన్నం మొదటినుంచీ కలిసే నడిచాయి. మన వారపు ప్రణాళికలో ఒంటరిగా ఉన్న పొరుగు అవ్వకు కూడా ఒక గిన్నె కూర రాసుకుందాం.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా నేలలో పండిన గింజ కోసం, దాన్ని పండించిన చేతుల కోసం నీకు స్తోత్రం. ఆకలి వేళ తొందరపడకుండా ముందే మేలైనది ఎంచుకునే దానియేలు మనసు మాకివ్వు. వండే తల్లులకు బలమివ్వు, వంటింటి పనిలో మిగతావాళ్లం పాలుపంచుకునేలా చేయి. అన్నం లేని ఇంటిని మేము మరువకుండా కాపాడు. యేసు నామమున అడుగుతున్నాము. ఆమేన్.

నేటి తీర్మానం: రేపటి వంట ఈ రాత్రే నిర్ణయించండి, గుప్పెడు గింజలు నానబెట్టి పడుకోండి.